జ్వరం లేని రోజు

మా ల్యాబ్‌లో సెలవు చీటీల ఫైలు తీసి చూస్తే, మా అంత రోగిష్టి జనం జిల్లాలో ఇంకెక్కడా లేరనిపిస్తుంది. ఉన్నది పదకొండు మందిమి. ఏడాదికి నూట ముప్ఫై జ్వరాలు. పెళ్ళికి వెళ్ళినా జ్వరమే, ఇల్లు మారినా జ్వరమే, ఊరికే పొద్దున్న లేవబుద్ధి కాకపోయినా జ్వరమే. మూడో తరగతిలో మాస్టారు బోర్డు మీద రాసి నేర్పిన ఉత్తరం అది. 'నాకు జ్వరముగా ఉన్నందున ఈ రోజు బడికి రాలేకపోవుచున్నాను.' నలభై మందిమీ చూసి రాసుకున్నాం. ఆ రోజు ఎవరికీ జ్వరం లేదు. అప్పట్నుంచీ సెలవు అనగానే పెన్ను దానంతటదే అలా రాసేస్తుంది.

జ్వరాల మీద పరిశోధన చేసేవాళ్ళు కనీసం రోగమైనా మార్చి రాయొచ్చు కదా అని మా డైరెక్టర్ ముక్తేశ్వరరావు గారు ఏటా ఒకసారి విసుక్కునేవారు. ఫైల్లో ఆయనవీ నాలుగు చీటీలున్నాయి. నాలుగూ జ్వరాలే.

నేను కనిపెట్టిన వస్తువు గురించి చెప్పాలంటే ముందు మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మ కాకినాడ జగన్నాథపురంలో ఇడ్లీల పొయ్యి నడిపేది. తెల్లారకుండా పిండితో మొదలుపెడితే మర్నాటికి పప్పు నానబోసేదాకా ఆమె వీపు చాపకి ఆనడం నేను చూడలేదు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో జ్వరం వచ్చేది. నుదుటి మీద చెయ్యి తిరగేసి పెట్టుకుని, "నిజంగానే వచ్చిందే" అనేది. ఆ మాటలో భయం ఉండేది కాదు. ఎవరో వచ్చి తాళం తీసినట్టుండేది. అప్పుడు చాప పరుచుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా పడుకునేది. మా అక్క వీరమణి పొయ్యి దగ్గర కూర్చునేది. నేను అమ్మ పక్కన చేరేదాన్ని. చిన్నప్పుడు అమ్మ నాకు తీరిగ్గా దొరికిన రోజులన్నీ జ్వరం రోజులే.

ఒకసారి అలా కూర్చున్న అక్క ఆ పొయ్యి దగ్గర్నుంచి మళ్ళీ బడికి వెళ్ళలేదు. నేను వెళ్ళాను. పీహెచ్‌డీ దాకా వెళ్ళాను. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, మిగతాది నేను చెప్తాను.

*

మా ల్యాబ్ తొమ్మిదేళ్ళపాటు జ్వరం తగ్గించే మందు కోసం తంటాలు పడింది. మెదడు అడుగున చిక్కుడు గింజంత చోటు ఒకటుంది. ఒంట్లో వేడి ఎంత ఉండాలో అది నిర్ణయిస్తుంది. దాన్ని కిందికి దించే మందు కావాలి మాకు. ఏడో రకం మందు ఎలకలకిస్తే, తగ్గాల్సిన వేడి కాస్తా మూడు డిగ్రీలు పెరిగింది. ఎనిమిది గంటలు అక్కడే నిలబడింది. సాయంత్రానికి చెమట పట్టి దిగిపోయింది. తర్వాత అన్ని పరీక్షలూ చేశాం. ఎక్కడా ఏ హానీ లేదు. ఎలకలు హాయిగా ముడుచుకుని పడుకున్నాయి, అంతే.

"తొమ్మిదేళ్ళ కష్టానికి జ్వరం తెప్పించే మందు కనిపెట్టాం" అని ముక్తేశ్వరరావు గారు తల పట్టుకున్నారు. అందరూ నవ్వారు. నేను మాత్రం పంజరంలో నిద్రపోతున్న ఎలకల్ని చూస్తూ నిలబడిపోయాను. నాకు అమ్మ చాప గుర్తొచ్చింది.

ఆ మందునే పావలా బిళ్ళంత పట్టీకి పూశాం. పొద్దున్నే భుజానికి అంటించుకుంటే అరగంటలో నూట ఒకటి. ఒళ్ళు నొప్పులుండవు, వికారం ఉండదు, లోపల ఏ రోగమూ ఉండదు. వేడి మాత్రం నిజం. సాయంత్రం ఆరింటికి మామూలు మనిషి.

"అబద్ధపు జ్వరం అంటగడతావా జనానికి?" అన్నారు ముక్తేశ్వరరావు గారు.

"అబద్ధం ఇప్పుడు చెప్తున్నాం సార్, చీటీల్లో. దీనికైతే థర్మామీటరు ఒప్పుకుంటుంది."

ఆయన సెలవు చీటీల ఫైలు వైపు ఒకసారి చూసి, "సరే, మనుషుల మీద చూద్దాం" అన్నారు.

అనుమతులు రావడానికి రెండేళ్ళు పట్టింది. నలభై మందిని ఎంచుకున్నాం. నర్సులు, బస్సు కండక్టర్లు, టీచర్లు, గుమాస్తాలు. నెలకి రెండు పట్టీలు, వాళ్ళకి ఇష్టమైన రోజున వేసుకోవచ్చు. తలా ఒక డైరీ ఇచ్చాం. పట్టీ వేసుకున్న రోజు సాయంత్రం ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు రాయాలి: 'ఈ రోజు పడుకున్నందుకు తప్పు చేసినట్టు అనిపించిందా?' సున్నా నుంచి పది దాకా అంకె వెయ్యాలి.

సున్నాలు వచ్చాయి. వరసగా సున్నాలు. అక్కడక్కడ ఒకటి. ఒక కండక్టరమ్మ అంకె వేసి ఊరుకోకుండా కింద రాసింది: 'పన్నెండేళ్ళ తర్వాత మా ఇంటి పైకప్పు చూశాను. మూల పెచ్చు ఊడింది. ఎవరూ చెప్పలేదు.' ఆ వాక్యం చదివిన రోజు నేను గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళాను.

*

అక్క రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఐసు గదిలాంటి హాల్లో, చేతులకి తొడుగులు వేసుకుని, ఎనిమిది గంటలు నిలబడి రొయ్యలు ఒలిచేవాళ్ళ మీద ఆమె మేస్త్రీ. మేస్త్రీ అంటే తను ఒలవకుండా ఉంటుందనుకునేరు. అందరికంటే ముందు వెళ్ళి అందరి తర్వాత వస్తుంది. బావ సత్యం రేవులో క్రేను నడుపుతాడు. పిల్లలిద్దరూ హాస్టల్లో ఉంటారు.

ఆ వేసవిలో ఒకసారి వెళ్తే అక్క గుమ్మంలో కూర్చుని బకెట్లో కాళ్ళు పెట్టుకుని ఉంది. చీలమండలు బూరెల్లా పొంగి ఉన్నాయి.

"రెండ్రోజులు సెలవు పెట్టక్కా."

"ఏమని పెట్టనే? రాయిలాగున్నాను."

"అలిసిపోయానని పెట్టు."

అక్క నవ్వింది. "అలిసిపోనోళ్ళెవరే అక్కడ? నేనొక్కదాన్నే ప్రత్యేకమా? ఆ మాట మేనేజరు దగ్గర అంటే నా మొహం నాకే సిగ్గుగా ఉంటాది."

ప్రయోగంలో బంధువుల్ని చేర్చుకోకూడదని నిబంధన ఉంది. అది రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. అయినా మర్నాడు ఆరు పట్టీలున్న అట్ట ఒకటి తెచ్చి అక్క చేతిలో పెట్టాను. వాటి సంగతంతా విప్పి చెప్పాను. నెలకి రెండే అన్నాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. పొయ్యి దగ్గర కూర్చున్న అక్కకి నేను తిరిగి ఇవ్వగలిగింది ఇదొక్కటే అనిపించింది. తప్పని తెలిసే చేశాను.

నాలుగు రోజుల తర్వాత అక్క ఫోన్ చేసింది. గొంతులో నవ్వు ఆగడం లేదు. "నూట ఒకటే, చంద్రీ. గేటు కాడ సెక్యూరిటీ అబ్బాయి ఆ తుపాకీలాంటిది నా నుదుటికి పెట్టి, 'జొరం ఉందమ్మా, లోపలికి పంపకూడదు, ఇంటికెళ్ళి పడుకో' అన్నాడు. అడక్కుండానే అన్నాడే. పడుకో అని."

తిండి వస్తువు ఒలిచే చోటు కాబట్టి జ్వరం ఉన్నవాళ్ళని గేటు దాటనివ్వరు. మా పట్టీకి అంతకన్నా అనువైన గేటు ఇంకోటి ఉండదు.

మధ్యాహ్నం వెళ్ళి చూశాను. అక్క ఫ్యాను కింద చాప మీద పడుకుని ఉంది. బావ వంటింట్లో రవ్వజావ కాస్తున్నాడు. ఉండలు కట్టింది. ఏం చెయ్యాలో తెలీక గరిటెతో దాన్ని పొడుస్తున్నాడు. "నీకేం కాదులే వీరమణీ, లేవకు" అంటున్నాడు మాటిమాటికీ. ఆయనకి పట్టీ సంగతి తెలీదు.

నేను పక్కన కూర్చుంటే అక్క మెల్లగా అంది. "నేను పడుకుంటే ఇల్లు ఎలా ఉంటాదో ఇన్నేళ్ళకి చూశానే. బాగుంది ఇల్లు."

కాసేపయ్యాక మళ్ళీ అంది. "ఇది దొంగజొరం కాదు కదా? కొలిస్తే వచ్చింది కదా?"

"వచ్చింది కదక్కా."

"అంతే చాలు" అని కళ్ళు మూసుకుంది. నుదుటి మీద చెయ్యి తిరగేసి పెట్టుకుంది, అచ్చం అమ్మలాగే. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. ఆ పూట నేను చాలా గొప్పదాన్నని కూడా అనిపించింది, దాచడం ఎందుకు.

*

వానలు ముదిరిన నెలలో, ఒక పొద్దున పదకొండింటికి బావ ఫోన్ చేశాడు. "చంద్రమణీ, మీ అక్క ఫ్యాక్టరీలో పడిపోయింది. ఆస్పత్రికి తెచ్చారు. కాళ్ళూ చేతులూ చల్లగా అయిపోయాయి."

పరిగెత్తాను. దారంతా పట్టీ గురించే ఆలోచించాను. ఏదైనా తేడా చేసిందా, అంటించిన పట్టీ మీదే ఇంకోటి అంటించుకుందా, ఎలకల్లో కనిపించనిది మనిషిలో బయటపడిందా. వార్డులోకి వెళ్ళగానే అక్క భుజం తడిమి చూశాను. పట్టీ లేదు. పాత మచ్చ కూడా లేదు.

డెంగీ అన్నాడు డాక్టరు. రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, బీపీ అందడం లేదు, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేనన్నాడు. "ఎన్నాళ్ళ నుంచి జ్వరం?" అని అడిగితే బావ తెల్లమొహం వేశాడు. "జొరమేం లేదండి. రోజూ పనికెళ్తానే ఉంది."

అప్పుడు రాజ్యం అందుకుంది. అక్క పక్కనే నిలబడి రొయ్యలు ఒలిచే మనిషి, ఆస్పత్రికి తెచ్చింది కూడా తనే. "ఉందండి. నాలుగు రోజుల్నించి ఉంది. వదిన పొద్దున్నే మాత్ర వేసుకుని, అది దిగాక గేటు కాడికొచ్చేది. మధ్యాహ్నం టిఫిన్ బాక్సులోంచి ఇంకోటి వేసుకునేది. నిన్న మటుకు దానంతటదే తగ్గిపోయిందని సంబరపడింది. మాత్ర లేకుండానే వచ్చింది ఈ రోజు."

"అదే ప్రమాదం" అన్నాడు డాక్టరు. "ఈ రోగం జ్వరం తగ్గిన రోజే మనిషిని పడగొడుతుంది. జ్వరం పోయింది కదా అని అందరూ లేచి తిరుగుతారు."

నాకు తెలిసిన అక్క జ్వరం వస్తే పండగ చేసుకునే మనిషి. నిజం జ్వరం వచ్చి, నాలుగు రోజులుంటే, దాన్ని మాత్రలతో అణిచిపెట్టి పనికెందుకు వెళ్ళిందో నాకు అర్థం కాలేదు. గేటు దగ్గర అబ్బాయే పడుకోమని పంపేవాడు కదా.

రెండు రోజులు మంచం పక్కన సెలైన్ చుక్కలు చూస్తూ కూర్చున్నాం. బావ ఒక్క మాటే అనేవాడు. "జావ కాసిచ్చేవాణ్ణి కదా. చెప్తే కాసిచ్చేవాణ్ణి కదా." మూడో రోజు పొద్దున అక్క బీపీ నిలబడింది. నాలుగో రోజు నన్ను గుర్తుపట్టి, "నువ్వు పనికెళ్ళలేదా?" అని అడిగింది. మొదటి మాట అదే.

బావ టీకి వెళ్ళినప్పుడు అడిగాను. "ఎందుకలా చేశావక్కా? నిజంగా వచ్చింది కదా ఈసారి."

అక్క పైకప్పు వైపు చూస్తూ చెప్పింది. "ఈ నెల రెండూ అయిపోయాయి కదే."

"అయితే?"

"రెండుసార్లు పడుకున్నాను. బావ రెండుసార్లు జావ కాశాడు. మేనేజరు రెండుసార్లు ఏమీ అనలేదు. మళ్ళీ మూడోది అంటే ఏం మొహం పెట్టుకుని అనను? మనిషికి నెలకి ఎన్ని జొరాలే?"

నెలకి రెండని లెక్క పెట్టింది నేనే.

*

ల్యాబ్‌కి వెళ్ళి అంతా ముక్తేశ్వరరావు గారి ముందు పెట్టాను. బంధువుకి పట్టీలిచ్చానని కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు.

"డెంగీ మన పట్టీ వల్ల రాలేదు" అన్నారు.

"రాలేదు సార్."

"ఆ మాత్రలు మనమిచ్చినవి కావు. పడిపోయిన రోజు పట్టీ లేదు. పైగా ఆవిడ మన నలభై మందిలో లేదు. పట్టీ తప్పేముంది ఇందులో?"

ఏమీ లేదు. అదే నన్ను తొలిచేస్తోంది. పట్టీ తప్పు ఎక్కడుందో చూపించలేకపోతున్నాను, కానీ అది లేకపోతే అక్క మొదటిరోజే పడుకునేదని నాకు తెలుసు.

నలభై డైరీలు మళ్ళీ ముందేసుకున్నాను. ఇన్నాళ్ళూ మేం చూసింది పట్టీ రోజుల అంకెలే. మిగతా రోజుల పేజీలు ఖాళీగా ఉండాలి. కానీ మనవాళ్ళకి మంచి అట్ట ఉన్న డైరీ ఇస్తే ఖాళీగా ఉంచరు. చాకలి పద్దు రాశారు, గ్యాసు బండ వచ్చిన తేదీ రాశారు, కూతురి పరీక్షల టైంటేబులు రాశారు. వాటి మధ్యలో ఇవి కూడా ఉన్నాయి. నేను ఎప్పుడూ చదవనివి.

ఒక నర్సు: 'కడుపునొప్పి. ఈ నెల రెండూ వాడేశాను. డ్యూటీకి వెళ్ళాను.' ఒక టీచరు: 'కాలు బెణికింది. జ్వరమైతే లేదు కదా. వెళ్ళాను.' ఒక గుమాస్తా: 'అన్నయ్య పోయి పదోరోజు. పడుకోవాలనిపించింది. పట్టీ ఉంటే బాగుండు.' పైకప్పు చూశానని రాసిన కండక్టరమ్మ, అదే నెల చివర్లో: 'ఒకటో తారీకు ఎప్పుడొస్తుందో.'

రెండు రోజులు కూర్చుని అన్నీ చదివాను. నలభై మందిలో ముప్ఫై ఒక్కరి దగ్గర ఏదో ఒక రూపంలో అదే మాట ఉంది. ఇదివరకు వీళ్ళంతా మాలాగే అబద్ధమైనా రాసి పడుకునేవాళ్ళు. మా ల్యాబ్ ఫైలు నిండా ఉన్న ఆ జ్వరాలు మనుషులు తమకి తాము దొంగతనంగా ఇచ్చుకున్న జాలి. మా పట్టీ వచ్చాక ఆ దొంగదారి కూడా మూసుకుపోయింది. నిజం జ్వరం దొరుకుతుంటే అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. థర్మామీటరు ఒప్పుకోని అలసట వాళ్ళకే అలసటలా కనిపించలేదు. పడుకున్న రోజు తప్పు చేసినట్టు అనిపించలేదు, నిజమే. ఆ అనిపించడం ఎక్కడికీ పోలేదు. మిగిలిన ఇరవై ఎనిమిది రోజుల్లోకి సర్దుకుంది.

ఆ పేజీలన్నీ గుర్తులు పెట్టి తెచ్చి డైరెక్టర్ గారి బల్ల మీద ఉంచాను. ఆయన మధ్యాహ్నం భోజనం మానేసి చదివారు. నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఇది పైకి పంపితే ప్రయోగం ఆగిపోతుంది" అన్నారు చివరికి. "నువ్వు బంధువుకిచ్చిన సంగతీ బయటికొస్తుంది. ఈ ప్రాజెక్టులో నువ్వుండవు. పదకొండేళ్ళు, చంద్రమణీ."

"పంపండి సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేనూ రెండుసార్లు వేసుకున్నాను" అన్నారు, నా వైపు చూడకుండా. "మా ఆవిడ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. ఎన్నాళ్ళయిందో అలా వేసి. ఆ చెయ్యి కోసమైనా ఇది ఆగకూడదనిపించింది నాకు."

అయినా ఆయనే పెన్ను తీసి సంతకం పెట్టారు.

విచారణ మొదలైంది. ప్రాజెక్టు నుంచి నన్ను తప్పించి, పాత రికార్డులు సర్దే పని ఇచ్చారు. అందులో సెలవు చీటీల ఫైలు కూడా ఉంది.

*

అక్కని ఇంటికి పంపుతూ డాక్టరు మూడు వారాలు పూర్తి విశ్రాంతి అన్నాడు. అక్క సరేనంది. బావ సాయంత్రం ఫోన్ చేశాడు. "మీ అక్క గిన్నెలు తోముతోంది. వద్దంటే థర్మామీటరు చూపిస్తోంది. తొంభై ఎనిమిది అంట. లేనప్పుడు ఎలా పడుకోను అంటోంది."

నేను ఒక తెల్లకాగితం తీసుకుని సెలవు చీటీ రాయడం మొదలుపెట్టాను. పది రోజులు. పెన్ను అలవాటుగా 'నాకు జ్వ' దాకా వెళ్ళిపోయింది. ఆపాను. కొట్టేశాను. ఆ కొట్టివేత అలాగే ఉంచి, పక్కన రాసి, డైరెక్టర్ గారికి ఇచ్చాను.

ఆయన చదివి తలెత్తారు. "ఇదేంటమ్మా? 'అలిసిపోయాను. పడుకోవాలి. మా అక్క దగ్గర.' ఇలా రాస్తే ఆఫీసు వాళ్ళు వెనక్కి పంపుతారు. అక్కగారి అనారోగ్యం అని రాయి, పనైపోతుంది."

"మా అక్కకి ఇప్పుడు అనారోగ్యం లేదు సార్. నాకూ లేదు."

"పోనీ జ్వరమని రాసెయ్. ఎవరడుగుతారు?"

"ఇన్నాళ్ళూ అదే రాశాను సార్. ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు. వెనక్కి పంపితే మళ్ళీ ఇదే రాసిస్తాను."

ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, పక్కకి పెట్టి, "వెళ్ళిరా" అన్నారు. మంజూరు చేశారో లేదో నేను అడగలేదు.

నేను వెళ్ళేసరికి అక్క కత్తిపీట ముందు కూర్చుని ఉంది. ముఖం పాలిపోయి, చేతులు పుల్లల్లా ఉన్నాయి. నాలుగు బెండకాయలు తరిగి ఆయాసపడుతోంది. కత్తిపీట లాగేసి పక్కన పెట్టాను. పనికి వెళ్తున్న బావ గుమ్మంలో ఆగి నా వైపు చేతులు జోడించినంత పని చేశాడు.

చాప పరిచాను. అక్క పడుకుంది. రెండు నిమిషాలకి లేచి కూర్చుంది. మళ్ళీ పడుకుంది. చేతులు చీర అంచుని మడత పెడుతూనే ఉన్నాయి. థర్మామీటరు నోట్లో పెట్టుకుని తీసి నాకు చూపించింది.

"తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు" అన్నాను.

"చూశావా" అంది, తప్పు దొరికిపోయినట్టు. తర్వాత నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "చంద్రీ, ఒక్కటుందా నీ దగ్గర?"

"ఏది?"

"ఆ పట్టీ. ఒక్కటి చాలు. ఇలా ఊరికే పడుకోడం నా వల్ల కావట్లేదే. పక్కింటోళ్ళకి గిన్నెల చప్పుడు వినపడకపోతే ఏమనుకుంటారో అని ఉంటాది. అది వేస్తే నిమ్మళంగా పడుకుంటాను. నీ మీద ఒట్టు, లేవను."

చావు దాకా వెళ్ళొచ్చిన మనిషి, కాసేపు పడుకోవడానికి నన్ను జ్వరం అడుగుతోంది. పదకొండేళ్ళలో నేను చేసిందంతా ఏమిటో ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు తెలిసింది. సంచీలో ఒక అట్ట ఉంది. ల్యాబ్‌కి తిరిగి అప్పగించాల్సినది. అక్క కళ్ళు ఆ సంచీ మీదే ఉన్నాయి. ఇచ్చేస్తే ఇప్పుడే నిద్రపోతుంది. ఇవ్వబోయాను కూడా. జిప్పు సగం తీశాను.

మళ్ళీ వేసేసి, సంచీ దూరంగా జరిపి, అక్క పక్కన చాప మీద పడుకున్నాను.

"నువ్వెందుకే పడుకున్నావు? ఒంట్లో బాగాలేదా?" అంది అక్క కంగారుగా. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "చల్లగానే ఉన్నావే."

"చల్లగానే ఉన్నాను. అలిసిపోయానక్కా."

అక్క చెయ్యి నా నుదుటి మీదే ఉండిపోయింది. జ్వరం లేని నుదుటి మీద మా ఇంట్లో ఎవరైనా చెయ్యి ఉంచడం అదే మొదటిసారి అనుకుంటాను. ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో సామాన్ల బండి తోసుకుంటూ పోయాడు. ఇద్దరం పైకి చూస్తూ పడుకున్నాం. కాసేపటికి చీర అంచు మడత పెట్టే చప్పుడు ఆగింది.

"అమ్మ కూడా ఇలా పడుకుంటే బాగుండేది" అంది అక్క. నేను ఊఁ అన్నాను.

ఎంతసేపైందో, గేటు గడియ చప్పుడైంది. అక్క ఉలిక్కిపడి లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుంది. పక్కనున్న చేట దగ్గరికి లాక్కుంది. నేను ఆపలేదు.

రాజ్యం వచ్చింది, చేతిలో చిన్న గిన్నె, మీద మూత. పట్టపగలు చాప మీద ఇద్దరు ఆడవాళ్ళని చూసి గుమ్మంలోనే ఆగింది. "ఏంటి వదినా, మళ్ళీ జొరం తిరగబెట్టిందా?"

అక్క చెయ్యి నుదుటి దాకా వెళ్ళింది. తిరగేసి పెట్టుకుంది. రాజ్యం ఆ చెయ్యి వైపే చూస్తోంది. అక్క ఊఁ అంటే సరిపోతుంది. రాజ్యం గిన్నె అక్కడ పెట్టి, పడుకో వదినా అని వెళ్ళిపోతుంది.

అక్క చెయ్యి దించింది. చేటని పక్కకి జరిపింది.

"లేదు రాజ్యం, బాగానే ఉన్నాను" అంది. "పడుకున్నాను, అంతే."

అని మళ్ళీ వాలింది.